బెంగళూరులో కుంకుడుకాయలు: ఏరడం నుంచి తలంటు దాకా

బెంగళూరు చుట్టుపక్కల కుంకుడుకాయలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పండి రాలతాయి. ఏరడానికి మార్చి మంచి నెల. తర్వాత మామిడి జల్లులు, అంటే వానాకాలానికి ముందు ఎండల్లో వచ్చే వానలు, పడితే నేలమీది కాయ నాని, తొక్కలోని సారం కరిగిపోతుంది, మిగిలినదానికి బూజు పడుతుంది. నురగ అంతా ఆ తొక్కదే.

మన దక్షిణాది కుంకుడుకాయ రెండు మూడు కలిసి అంటుకుని పుడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు తుప్పురంగు నూగు ఉంటుంది, పండితే ముడతలు పడి గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే జిగురుగా ఉంటుంది. లోపల నల్లటి నున్నని గింజ. తురకవేప కాయలను చూసి పొరబడేవాళ్ళున్నారు. అవి పసుపుపచ్చగా, విడివిడి కాడలకు గుత్తులుగా వేలాడతాయి. వాటిలో విషముంది. అనుమానమొస్తే తొక్క ముక్కను సీసా నీళ్ళలో వేసి గట్టిగా ఊపండి. కుంకుడైతే తెల్లటి నురగ చాలాసేపు నిలుస్తుంది.

లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల్లో ఏరకండి. ఊరి శివారు తోటల్లో యజమానిని అడిగి, చెట్టు కింద పాత చీర పరిచి, రాలినవే తీసుకోండి. కన్నడలో అంటువాళ కాయి అంటే అందరికీ తెలుస్తుంది. కొమ్మలు దులిపితే పచ్చికాయ కూడా పడుతుంది, దానికి నురగ తక్కువ, ఎండదు, కుళ్ళి పక్కవాటినీ చెడగొడుతుంది. పురుగు తొలిచిన చిల్లులున్నవి అక్కడే పారేయండి.

ఇంటికి తెచ్చాక కడగకండి. మట్టిని పొడిగుడ్డతో తుడిచి, చాపమీద ఒకే వరసగా పరిచి, నాలుగైదు రోజులు మంచి ఎండలో పెట్టండి. బెంగళూరులో రాత్రి చెమ్మ పడుతుంది కాబట్టి సాయంత్రం లోపలికి తీయాల్సిందే. చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమన్నప్పుడు ఎండినట్టు. అప్పుడు గుండ్రాయితో మెల్లగా ఒక్క దెబ్బ వేస్తే తొక్క పగిలి గింజ ఊడొస్తుంది. గట్టిగా కొడితే గింజ చితికి, పప్పులోని నూనె తొక్కకు అంటుతుంది. తొక్కలను మూత బిగిసే డబ్బాలో పెట్టండి. గాలి తగిలితే చెమ్మ పీల్చి ముద్దకడతాయి.

ఒక తలకు పది పన్నెండు కాయల తొక్క చాలు, ఒత్తు జుట్టుకు పదిహేను. అర లీటరు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, చేత్తో బాగా పిసికి, పలచటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే పిప్పి జుట్టులో ఇరుక్కుని రోజంతా దురద. బోరునీళ్ళలో సబ్బు తెట్టు కడుతుంది, కుంకుడుకు ఆ బాధ లేదు, అందుకే ఈ ఊళ్ళో ఇది మరీ పనికొస్తుంది. కంట్లో పడితే విపరీతంగా మండుతుంది, కాబట్టి పిల్లలకు తల వెనక్కి వంచి పోయండి, పడితే వెంటనే చన్నీళ్ళతో కడగండి. రసం మర్నాటికి పులుస్తుంది, ఏ రోజుకారోజు చేసుకోవడమే మేలు.

మిగిలిన రసంతో వెండి సామాను తోమండి, పట్టుచీర జాడించండి. చేపల తొట్టిలోకి గానీ చెరువులోకి గానీ పోయకండి, చేపలు చచ్చిపోతాయి.