కోతలైన చేలల్లో గద్దల ఫొటోలు: గాలి, ఎండ చూసి నిలబడండి

డెల్టాలో గద్దల కోసం తిరగాలంటే సార్వా (ఖరీఫ్ వరి) కోతలు మొదలవ్వాలి. కోత మిషన్ దిగిన చేలో ఎలుకలకు దాక్కునే చోటుండదు. ఆ సమయానికి మధ్య ఆసియా లాంటి చలి ప్రాంతాల నుంచి హారియర్లు అనే వేట పక్షులు కూడా వలస వచ్చి ఉంటాయి. దాళ్వాకు (రబీ వరికి) దమ్ము చేసే రోజులు ఇంకా మంచివి. ట్రాక్టరు వెనక కొంగలతో పాటు గరుడ పక్షులూ తిరుగుతాయి.

తెల్ల తల, ఇటుకరంగు ఒళ్లు ఉన్న గరుడ పక్షిని ఎవరైనా గుర్తుపడతారు. చిక్కంతా దాని పిల్లతోనే. గోధుమరంగులో అచ్చం మామూలు గద్దలా ఉంటుంది. తోక చూడండి: గరుడది గుండ్రం, గద్దది మధ్యలో నొక్కు. తోక పూర్తిగా విప్పినప్పుడు ఆ నొక్కు కనపడదు, కాబట్టి ముడిచేదాకా ఆగి తేల్చుకోండి. చేను మీద తక్కువ ఎత్తులో, రెక్కలు పైకెత్తి తేలుతూ పోయేది హారియర్. కాకి కన్నా చిన్నగా, తెల్లగా, భుజాల మీద నల్లమచ్చలతో గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడేది నల్లరెక్కల గద్ద. మొదట దీనితోనే మొదలుపెట్టండి, ఎందుకంటే వాలిన చోటికే మళ్లీ వస్తుంది. పుంత (చేల మధ్య బండి దారి) పక్క కరెంటు స్తంభాలు, చేలో పాతిన వెదురు గెడలు వెతకండి. వాటి మొదలు దగ్గర తెల్లటి రెట్ట చారలు, ఎలుక బొచ్చు, ఎముకలు కలిసిన బూడిదరంగు ఉండలు కనిపిస్తే అదే దాని పీట.

ఇక అసలు సంగతి. గద్ద గాలికి ఎదురుగానే లేస్తుంది, గాలికి ఎదురుగానే నిలబడుతుంది. గాలీ, ఎండా రెండూ మీ వీపు వైపు ఉంటే దాని ముఖం మీకు దొరుకుతుంది. చలికాలం ఉదయం గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి, ఎండ ఆగ్నేయం నుంచి. తూర్పుకు వీపు పెడితే రెండూ కుదురుతాయి. సాయంత్రం ఎండ పడమట, గాలి సముద్రం వైపు నుంచి. వెలుగు చూసుకుని నిలబడితే తోకే మిగులుతుంది. అందుకే మా ఓటు ఉదయానికే. అప్పుడు కూడా మంచు విడిచాక, ఎండకు చేలల్లోంచి వేడి గాలి అలలుగా లేవడం మొదలయ్యేలోపు ఉన్న కాస్త సమయమే పనికొస్తుంది. తర్వాత ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఈకలు కరిగినట్టే వస్తాయి. దూరపు పక్షిని వదిలేయండి.

400 మి.మీ. లెన్స్‌కి తగ్గొద్దు. ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 సెకను, వాలినదానికి 1/500, అపర్చర్ ఎఫ్/6.3, ఐఎస్‌ఓ ఆటోలో 3200 దాటకుండా, ఫోకస్ కంటిన్యువస్‌లో (కదిలే పక్షి వెంటే ఫోకస్ పోయేలా). తెల్లటి ఆకాశం ముందు పక్షి నల్లటి నీడగా పడుతుంది, ఎక్స్‌పోజర్ +1 చేయండి. నల్లటి చెట్ల ముందున్న గరుడకు దీనికి విరుద్ధం: −0.7 చేయకపోతే తల సున్నం ముద్దలా తెల్లబోతుంది.

కారు అద్దం మీద రెండు కిలోల ధాన్యం పోసిన గుడ్డసంచి వేసి లెన్స్ ఆనించండి, ఇంజిన్ ఆపేయండి. ఏసీ కారులోంచి తీసిన లెన్స్‌కి ఆవిరి పడుతుంది. చేలల్లోకి చేరడానికి అరగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి. మనిషి నడిచొస్తే లేచిపోయే పక్షి, మెల్లగా వచ్చే బండిని చాలాసార్లు ఓర్చుకుంటుంది. ముందుకు వంగి రెట్ట వేసిందంటే ఎగరబోతోంది, బటన్ మీద వేలు పెట్టండి. మెడ చాచి మిమ్మల్నే చూస్తుంటే ఇక ముందుకు కదలొద్దు. గూడు కనిపిస్తే ఆ చోటు ఎవరికీ చెప్పొద్దు. కొత్తగా మట్టి వేసిన గట్టు ఎక్కితే విరుగుతుంది, నీళ్లు పక్క చేలోకి పోతాయి. రైతును అడిగి, పుంత మీదే ఉండండి.