ఎంఎక్స్-5 వెనక టైర్లు లోపలి అంచున అరుగుతుంటే: సమస్య - పరిష్కారం

మాజ్దా కంపెనీ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఎంఎక్స్-5 తొలి రెండు తరాల కార్లలో, అంటే 1989 నుంచి 2005 వరకు వచ్చినవాటిలో, తరచుగా వినిపించే ఫిర్యాదు ఇది. బయటి నుంచి చూస్తే వెనక టైర్లు కొత్తవాటిలాగే ఉంటాయి, లోపలి అంచు మాత్రం నున్నగా అరిగిపోయి, కొన్నిసార్లు తీగలు కూడా బయటపడి ఉంటాయి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలను యంత్రంతో కొలిచి సరిచేయడం) చేయిస్తే కాగితంలో అంకెలన్నీ ఆకుపచ్చగా వస్తాయి. కొత్త టైర్లు వేసిన కొన్ని నెలలకే మళ్లీ అదే అంచు అరగడం మొదలవుతుంది.

అలైన్‌మెంట్‌కు ఇచ్చేముందు చేయవలసిన రెండు పరీక్షలు ఉన్నాయి, ఎక్కువమంది వదిలేసేవి కూడా అవే. మొదటిది గాలి. తొలి తరం కారుకు కంపెనీ చెప్పింది 26 పీఎస్ఐ మాత్రమే. ఇంత తేలికైన బండికి పెద్ద కార్ల లెక్కన 35 నింపితే ట్రెడ్ (టైరు రోడ్డుకు తగిలే భాగం) నడిమి భాగం అరుగుతుంది, బాగా తగ్గితే రెండు అంచులూ అరుగుతాయి. రెండోది, చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా ఒకసారి, ముందూ వెనకా ఒకసారి పట్టుకుని గట్టిగా ఊపి చూడడం. బేరింగులోనో బాల్ జాయింటులోనో ప్లే (వదులు) ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ.

ఈ రెండూ సరిగా ఉంటే అరచేతితో ట్రెడ్‌ను అడ్డంగా నిమరాలి. బయటి నుంచి లోపలికి నిమిరినప్పుడు రంపపు పళ్లలా గుచ్చుకుంటే చక్రం టో-అవుట్‌లో (ముందు అంచు బయటికి తిరిగి) ఉన్నట్టు, లోపలి నుంచి బయటికి వస్తున్నప్పుడు గుచ్చుకుంటే టో-ఇన్ (ముందు అంచు లోపలికి తిరగడం) ఎక్కువైనట్టు. ఎటు నిమిరినా నున్నగా ఉండి లోపలి అంచు మాత్రమే అరిగితే అప్పుడు కాంబర్‌ను, అంటే చక్రం నిలువుగా కాక పక్కకు ఒరిగి ఉండడాన్ని, అనుమానించవచ్చు. లోపలి అంచు అనగానే నెపమంతా కాంబర్ మీదికి నెట్టడం సరికాదు. టో సరిగా ఉంటే డిగ్రీన్నర నెగటివ్ కాంబర్‌తోనూ (చక్రం పైభాగం లోపలికి ఒరిగినా) ఈ కారు టైర్లు బాగానే మన్నుతాయి. టో అలా కాదు. చక్రం పావు డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నా టైరు కిలోమీటరుకు సుమారు 4 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టే.

కాగితంలో సరిగా ఉన్న టో రోడ్డు మీదికి వచ్చాక ఎందుకు మారుతుంది? చేయి తిరిగిన మెకానిక్‌లను కూడా మోసం చేసే కారణం ఇక్కడే ఉంది. ఈ కారులో కింది ఆర్మ్‌ల (చక్రాన్ని చట్రానికి కలిపే ఇనుప చేతుల) లోపలి చివర, ఒక్కో చక్రానికి రెండు చొప్పున, మొత్తం 8 కాం బోల్టులు (తిప్పితే ఆర్మ్‌ను పక్కకు జరిపే, కేంద్రం తప్పిన పళ్లెం ఉన్న బోల్టులు) ఉంటాయి. వెనక చక్రాల టో, కాంబర్ రెండూ వీటితోనే మారుస్తారు. అమెరికా ఈశాన్య రాష్ట్రాలలాగా చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే చోట తిరిగిన బండిలో ఈ బోల్టు తుప్పు పట్టి, బుష్ (ఆర్మ్ చివరన ఉండే రబ్బరు కూర్పు) లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోతుంది. అప్పుడు బోల్టును తిప్పితే గొట్టం కూడా దానితోపాటే తిరిగి, చుట్టూ ఉన్న రబ్బరు మెలిపడుతుంది. అలైన్‌మెంట్ యంత్రానికి ఇదేమీ తెలియదు, అంకె సరైన చోటికి రాగానే పచ్చరంగు చూపిస్తుంది. నట్టు బిగింపు కొంచెం తక్కువైనా మెలిపడ్డ రబ్బరు బోల్టును వెనక్కి తిప్పేస్తుంది. బిగింపు గట్టిగా ఉంటే కొన్నాళ్లకు రబ్బరే చిరుగుతుంది. ఆ తర్వాత బ్రేకు వేసిన ప్రతిసారీ ఆర్మ్ కదిలి టో మారిపోతుంది.

దీన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. కాం పళ్లెం మీదుగా బ్రాకెట్ మీదికి పెయింటుతో ఒక గీత గీసి, నట్టు వదులు చేసి, బోల్టు తలను పానాతో కొద్దిగా తిప్పి వదలాలి. తేలికగా తిరిగి, వదిలిన చోటే నిలిస్తే బోల్టు బాగున్నట్టే. బరువుగా తిరిగి, పానా వదలగానే గీత దగ్గరికి తిరిగి వచ్చేస్తే అది అతుక్కుపోయినట్టే. అలైన్‌మెంట్ చేసేవారిని బోల్టులన్నీ స్వేచ్ఛగా తిరుగుతున్నాయా అని ముందే అడగండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

అతుక్కుపోయిన బోల్టుకు తుప్పు వదిలించే నూనె పోసినా గొట్టం పొడవునా లోపలికి దిగడం అరుదు, మంట పెడితే రబ్బరు కాలిపోతుంది. బుష్‌కూ బ్రాకెట్‌కూ మధ్య బోల్టును రంపంతో కోసి తీసి, కొత్త బుష్, కొత్త కాం బోల్టు వేయడమే శాశ్వతమైన మార్గం. బిగించేముందు బోల్టు ఒంటికి మళ్లీ అతుక్కుపోకుండా యాంటీ-సీజ్ గ్రీజు పూయాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా నట్టు ఎప్పుడూ బిగించకూడదు. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి, లేకపోతే కొత్త రబ్బరు కూడా మొదటి రోజు నుంచే మెలిపడి ఉంటుంది. ఆ తర్వాత డ్రైవరు బరువు సీట్లో ఉంచి, మొదట వెనక చక్రాలకు, తర్వాత ముందు చక్రాలకు అలైన్‌మెంట్ చేయించాలి. అది అయ్యాక కాం పళ్లాల మీద మళ్లీ గీతలు గీసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆ గీతలు కదిలాయేమో ఒకసారి చూసుకోవాలి.

ట్రెడ్ మీద అక్కడక్కడా గుంటలు పడితే అది అలైన్‌మెంట్ కాదు, షాక్ అబ్జార్బర్ పని అయిపోయినట్టు. వంగిన ఆర్మ్, వంగిన సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించే చట్రం) లాంటివి గుద్దుకున్న బండ్లలోనే ఉంటాయి. కాం బోల్టులన్నీ తేలికగా తిరుగుతున్నా టో అంకె దారికి రాకపోతేనే వాటి జోలికి వెళ్లాలి.