చిత్తకార్తె నుంచి దీపావళి దాకా: కుక్క గేటు దాటకుండా

కుక్కలకీ చిత్తకార్తెకీ ఉన్న చుట్టరికం మన ఊళ్లల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్టోబరు 10 ప్రాంతంలో మొదలై దాదాపు రెండు వారాలు ఉంటుంది. దాని వెనకే, ఒక్కో ఏడు దాని నడుమనే, దీపావళి. తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల ఉరుములూ అప్పుడే. మగకుక్క వాసన పట్టుకుని పోతుంది, పిరికి కుక్క చప్పుడికి పోతుంది. రెండూ పోయేది ఎవరో మూయడం మరిచిన గేటులోంచే.

అందుకే పని వినాయక చవితి మర్నాడే మొదలుపెట్టాలి. చవితి నుంచి దీపావళికి సుమారు ఎనిమిది వారాలు. పండగ ముందురోజు కూర్చుని నేర్పితే వచ్చే విద్య కాదిది.

ముందు గేటు సంగతి. కుక్కకి బెల్టూ తాడూ వేసి, గేటుకి నాలుగడుగుల లోపల నిలబెట్టండి. గడియ మీద చెయ్యి వేయండి, అంతే. కదలకుండా ఉంటే ఉడికించిన కోడిమాంసం, శనగగింజంత ముక్క. ఆ ముక్కని కుక్క నిలబడ్డ చోటికే తీసుకెళ్లి పెట్టాలి. మీ దగ్గరికొచ్చి తింటే అది ముందుకు రావడమే నేర్చుకుంటుంది. తర్వాత గడియ చప్పుడు చేయండి. ఆ తర్వాత జానెడు తెరవండి, తర్వాత మూరెడు, తర్వాత బార్లా. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆగితేనే తర్వాతి మెట్టు. ముందుకు దూకితే అరవకుండా, మూతికి తగలకుండా గేటు మూసి మళ్లీ మొదలుపెట్టండి. ఒక్కో విడత మూడు నిమిషాలు, రోజుకి మూడు విడతలు చాలు. అంతకు మించితే కుక్కకీ విసుగే, మీకూ విసుగే. గడియ చప్పుడు వినగానే ఒకడుగు వెనక్కి వేసి మీ మొహంకేసి చూసిందంటే పాఠం ఎక్కినట్టు. అప్పుడు కూడా తాడు విప్పేయకండి. వీధిలో ఇంకో కుక్క కనబడితే సగం పాఠం మరిచిపోతుంది.

ఇది ఎక్కువగా చెడేది కుక్క వల్ల కాదు, ఇంట్లోవాళ్ల వల్ల. ఒకరు నేర్పుతారు, మిగతా నలుగురు గేటు తీసుకుని పోతుంటారు. తెల్లారి ముగ్గు వేయడానికి గేటు తీసే మనిషి, చెత్త బండి ఈల వినబడగానే బకెట్టు పట్టుకుని పరుగెత్తే మనిషి, పాలవాడు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు: వీళ్లందరితోనూ కనీసం వారంపాటు అదే వరసలో చేయించండి. దీపావళి సాయంత్రం లక్ష్మీపూజకి వాకిలి తీసే ఉంచుతారు, వచ్చిపోయేవాళ్లు ఆగరు. ఎంత నేర్చిన కుక్కనైనా ఆ పూట నమ్మకూడదు. వాకిలికి లోపలివైపు నడుమెత్తు జాలీ చట్రం ఒకటి అడ్డం పెడితే పూజకీ ఇబ్బంది లేదు, లక్ష్మీదేవికీ అడ్డు కాదు.

గోడ కూడా ఒకసారి చూడండి. అయిదడుగుల గోడ పక్కన స్కూటర్ నిలిపితే సీటు మీంచి దూకాల్సింది రెండున్నర అడుగులే. నాటు కుక్కకి అది లెక్కే కాదు. నీళ్ల డ్రమ్ము, సిమెంటు బస్తాలు కూడా అంతే. గేటు ఊచల మధ్య తల పట్టిందంటే కుక్కపిల్ల ఒళ్లంతా పట్టినట్టే, కింద రెండడుగుల మేర జాలీ కట్టించండి. టపాసులు పేలే రోజుల్లో మిద్దె మీద అసలు వదలొద్దు. బెదిరిన కుక్క పిట్టగోడ ఎంత ఎత్తో చూసుకోదు.

రెండోది పిలుపు. ఒక్క మాట, “రా”, ఒక్కసారే. పదిసార్లు అరిస్తే తొమ్మిదిసార్లు వినక్కర్లేదని మీరే నేర్పినట్టు. స్నానం చేయించడానికో, ఆట ఆపి కట్టేయడానికో మాత్రమే పిలిచే ఇళ్లల్లో కుక్క ఆ మాటకే తోక ముడుస్తుంది. ఇప్పటికే అలా పాడైపోయి ఉంటే ఆ మాట వదిలేసి కొత్తది పెట్టుకోండి. మొదటి వారం హాల్లో, రెండో వారం వాకిట్లో, మూడో వారం నుంచి తెల్లారి అయిదున్నరకి ఖాళీ వీధిలో పది మీటర్ల నైలాన్ తాడుతో. ఆ పొడుగు తాడుని మెడబెల్టుకి కట్టకూడదు, ఛాతీ బెల్టుకే. పరుగు మీద కొసకి చేరి గుంజుకుంటే దెబ్బ మెడకి పడుతుంది. తాడుని చేతికి చుట్టుకోవద్దు, వేళ్లు తెగుతాయి.

మెడబెల్టు బిగువు రెండు వేళ్లు దూరేంత. ఇంకో పరీక్ష కూడా చేయండి: ముందు నిలబడి బెల్టుని మీవైపు మెల్లగా లాగండి. చెవుల మీంచి జారొస్తే, బెదిరి వెనక్కి గుంజుకున్న క్షణంలోనూ అలాగే వస్తుంది. ఫోన్ నంబరు రేకు మీద చెక్కించండి, స్కెచ్ పెన్‌తో రాసింది వానకి పోతుంది. బియ్యపు గింజంత చిప్‌ని వైద్యులు మెడ మీద చర్మం కింద పెడతారు, అందులో 15 అంకెల నంబరు ఉంటుంది. కుక్క ఎక్కడుందో అది చూపించదు. దొరికినవాళ్లు రీడర్‌తో చదివించినప్పుడే పనికొస్తుంది, అదీ మీ ఫోన్ నంబరు దానికి నమోదై ఉంటేనే.

మగకుక్కకి ఆపరేషన్ చేయించాలంటే ఆగస్టులోపే. హార్మోను తగ్గడానికి వారాలు పడుతుంది, తిరుగుడు అలవాటు ముదిరితే ఆ తర్వాత కూడా కొంత మిగులుతుంది. ఆడకుక్క ఎదకొస్తే సుమారు మూడు వారాలు గేటుకి తాళమే మందు.

చప్పుడికి అలవాటు చేయడానికి టపాసుల రికార్డింగు పనికొస్తుంది, కొంతవరకే. అన్నం గిన్నె పెట్టి, వినీ వినబడనంత శబ్దంతో మొదలుపెట్టండి. చెవి ఆడించి తింటూనే ఉంటే సరే, తినడం ఆపితే ఎక్కువైనట్టు. లక్ష్మీబాంబు నేల అదిరే అదురు మాత్రం ఫోన్‌లోంచి రాదు. పోయినేడు చొంగ కార్చుకుంటూ తలుపు గీరిన కుక్కకి ఈ సాధన పెట్టొద్దు. రెండు మూడు వారాల ముందే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. మందు రాస్తే ఒక ప్రశాంతమైన రోజున వేసి చూసుకోవాలి, పండగ రాత్రి మొదటిసారి వేయకూడదు. మన మాత్రలు వేయకండి, పారాసిటమాల్ కుక్కకి విషమయ్యే ప్రమాదముంది.

పండగ రోజు నాలుగు లోపు బాగా నడిపించి, అయిదున్నరకి అన్నం పెట్టి, కిటికీలు తక్కువున్న లోపలి గదిలో ఉంచండి. ఫ్యానూ టీవీ వేసి ఉంచండి. గొలుసుతో కట్టొద్దు, గుంజుకుని మెడకి ఉరి పడొచ్చు. మీ పక్కన నక్కి కూర్చుంటే కూర్చోనివ్వండి, నిమిరితే భయం పెరుగుతుందన్న మాట పట్టించుకోకండి. తర్వాత రెండు మూడు రోజులు కూడా తాడు మీదే బయటికి, పిల్లలు మిగిలిన టపాసులు కాలుస్తూనే ఉంటారు.

అయినా పోయిందా, వెంటపడొద్దు. వెంటపడితే పరుగు పెరుగుతుంది. కనబడుతుంటే పక్కకి తిరిగి గొంతుక్కూర్చుని మామూలు గొంతుతో పిలవండి, ముక్కలు నేల మీద చల్లండి. కనబడకపోతే ముందు అర కిలోమీటరు లోపలే వెతకండి: నిలిపిన వాహనాల కింద, మురిక్కాలువల్లో, కడుతున్న ఇళ్లల్లో. చప్పుళ్లు అణిగాక, వేకువ నాలుగు అయిదు మధ్య మళ్లీ ఒక తిరుగు తిరగండి, దాక్కున్నవి అప్పుడు కదులుతాయి. అలిపిరి, కపిలతీర్థం, యూనివర్సిటీ వైపు ఇళ్లవాళ్లు చీకట్లో అడవి అంచుకి ఒంటరిగా పోవద్దు, చిరుతలు తిరిగే చోటు. మూలకి నక్కిన కుక్క సొంత మనిషినైనా కరుస్తుంది. కరిస్తే 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆస్పత్రికి వెళ్లండి.

ఇంట్లో ఒకరు ఉండి గేటు ఓరగా తీసి, దాని పాత దుప్పటి లోపల వేసి ఉంచండి. అదే తిరిగొస్తే తిట్టొద్దు, పరుగున మీదికి పోవద్దు. లోపలికి రానిచ్చి, మెల్లగా గేటు మూసి, గడియ వేశాక నీళ్లు పెట్టి అరికాళ్లు చూడండి.