పసిబిడ్డ చెవి, పెద్దవారి తెలివి: భాష నేర్పడం, నేర్చుకోవడం ఎలా

కొత్త భాష నేర్చుకోదలచిన పెద్దవారికి తరచుగా ఒక సలహా వినిపిస్తుంది: పసిపిల్లల్లాగా నేర్చుకోండి, వ్యాకరణం జోలికి పోకండి అని. వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని అది సగమే నిజం. పసిబిడ్డకు రోజంతా తనతోనే మాట్లాడే మనుషులుంటారు, తప్పు పలికితే ముద్దు చేస్తారు, వేరే పనంటూ ఉండదు. పెద్దవారికి ఆ వసతి లేదు. అయితే వారికి చదవడం వచ్చు, పోల్చి చూడడం వచ్చు, ముందే ఒక భాష వచ్చు. కాబట్టి పిల్లల నుంచి వినే అలవాటును అరువు తెచ్చుకుని, మిగిలినదంతా పెద్దవారు తమ పద్ధతిలోనే సాధించుకోవాలి.

ముందుగా పిల్లల సంగతి. బిడ్డ మొదటి మాట పలకడానికి చాలా ముందే భాష నేర్చుకోవడం మొదలవుతుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన ప్రయోగాలలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలో పెరుగుతున్న 6 నుంచి 8 నెలల పిల్లలు హిందీలోని త, ట ధ్వనుల తేడాను చక్కగా పసిగట్టారు. 10 నుంచి 12 నెలల వారిలో ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. చెవి మొద్దుబారిందని దీని అర్థం కాదు. తన చుట్టూ వినిపించే భాషలో అక్కరకు వచ్చే తేడాలను పట్టుకుని, అక్కరలేని వాటిని వదిలేయడం బిడ్డకు అలవడిందన్నమాట.

ఈ పని మనిషి సమక్షంలోనే బాగా జరుగుతుంది. పాట్రీషియా కూల్ బృందం 2003లో వెల్లడించిన ప్రయోగంలో, అమెరికాలోని 9 నెలల పిల్లల ఎదుట చైనా భాష అయిన మాండరిన్ మాట్లాడేవారు కూర్చుని, ఆడిస్తూ 12 విడతలు మాట్లాడితే ఆ భాషా ధ్వనుల తేడా పిల్లలకు పట్టుబడింది. అవే మాటలను తెర మీద చూపినప్పుడు గాని, రికార్డు వేసి వినిపించినప్పుడు గాని పట్టుబడలేదు. అందువల్ల రెండవ భాష వస్తుందని పసిబిడ్డ ముందు ఫోను నిలబెట్టడం దండగ పని. స్నానం చేయించేటప్పుడు, బట్టలు తొడిగేటప్పుడు చేస్తున్న పనినే మాటల్లో చెబుతూ ఉండండి. బిడ్డ ఊకొట్టగానే ఆగి, దాన్ని జవాబుగా తీసుకుని మళ్ళీ అందుకోండి.

మూడేళ్ళ పిల్ల కిటికీలోంచి చూస్తూ "ఎన్ని ఇల్లులో!" అంటుంది. ఆ మాటను పెద్దవారెవరూ ఆమెకు నేర్పలేదు. పువ్వులు, బల్లలు విని తనంతట తాను ఒక సూత్రం అల్లుకుని, దాన్ని ఇల్లుకూ తగిలించింది. జీన్ బెర్కో 1958లో లోకంలో లేని మాటలు కల్పించి, పిల్లల చేత వాటికి బహువచనాలు చెప్పించి, వారు విన్నది అప్పగించడం లేదని, సూత్రాలు పట్టుకుంటున్నారని చూపించారు. కనుక "తప్పు, ఇళ్ళు అనాలి" అని మందలించనక్కరలేదు, "అవునమ్మా, ఎన్ని ఇళ్ళో!" అని సంభాషణ సాగనిస్తే చాలు. రెండు భాషల మధ్య పెరిగే బిడ్డ ఒకే వాక్యంలో రెండింటినీ కలిపినా కంగారు పడి ఇంటి భాషను మానేయకండి. అది గందరగోళం కాదు, రెండు భాషలు వచ్చిన పెద్దవారూ చేసేదే.

ఇక పెద్దవారు. 1978లో కాథరిన్ స్నో, మరియన్ హోఫ్నగెల్-హోలె నెదర్లాండ్స్‌లో డచ్చి నేర్చుకుంటున్న ఇంగ్లీషువారిని పరిశీలించినప్పుడు, తొలి నెలల్లో వెనకబడ్డవారు 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలే; 12 నుంచి 15 ఏళ్ళవారు, పెద్దలు వారిని మించారు. చివరికి ఎంత దూరం వెళ్తారన్న లెక్కలో మాత్రం, ముఖ్యంగా ఉచ్చారణలో, చిన్నప్పుడు మొదలుపెట్టినవారిదే పైచేయి.

పెద్దవారికి మొదటి అడ్డంకి చెవి. ద్రాక్షతీగను చెప్పే ఇంగ్లీషు మాటను (vine), ద్రాక్షసారాను చెప్పే ఇంగ్లీషు మాటను (wine) మనం తెలుగులో "వైన్" అని ఒకే తీరుగా రాస్తాం, ఒకే తీరుగా వింటాం. ఒకదానికి కింది పెదవి పళ్ళకు తగలాలి, రెండవదానికి పెదవులు గుండ్రమవ్వాలి. వినబడని తేడాను నోరు పలకడం కష్టం. అందుకని ఇలాంటి జంట మాటలను నలుగురైదుగురు వేర్వేరు గొంతులలో సంపాదించి, ఎవరినైనా కలగాపులగంగా వినిపించమని, ఏది విన్నారో మీరు చెప్పిన మరుక్షణమే ఒప్పో తప్పో చెప్పమని అడగండి. జపాను వారికి ఇంగ్లీషులోని ర, ల ధ్వనుల తేడా నేర్పడంలో 1991 నాటికే ఈ పద్ధతి ఫలించింది. ఒకే గొంతుతో సాధన చేస్తే ఆ గొంతే అలవాటవుతుంది, ధ్వని కాదు.

వ్యాకరణాన్ని పూర్తిగా పక్కన పెట్టమనడం నా దృష్టిలో అన్యాయం. తెలుగు నేర్చుకునే హిందీ వ్యక్తికి "మనం", "మేము" రెండూ "హమ్" గానే వినబడతాయి. తేడా తెలియకుండానే ఏళ్ళు గడిచిపోవచ్చు. (ఈలోగా "మేము బయల్దేరుతున్నాం" అన్నవారి వెంట తానూ చెప్పులు వేసుకుంటే నవ్వుల పాలే.) ఎదుటివారిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము అని ఎవరైనా ఒక్క ముక్క చెబితే, ఆ సాయంత్రం నుంచే ప్రతి సంభాషణలోనూ ఆ తేడా చెవిన పడుతుంది. సూత్రం చేయవలసిన సాయం అంతే: దేనిని గమనించాలో చెప్పడం. పట్టికలు బట్టీ పట్టనక్కరలేదు.

చదవడానికి తేలిక పుస్తకాలే ఎంచుకోండి. నూరు మాటల్లో తెలియనివి రెండు మూడు మించితే అర్థాలు వెతకడంతోనే సరిపోతుంది. కొత్త మాటలను ఒకే రాత్రి ఇరవైసార్లు వల్లించకుండా, మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి గుర్తుచేసుకోండి. ఎడమిచ్చి చదివితే నిలుస్తుందని జ్ఞాపకశక్తిని పరిశోధించిన జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే రాశారు.

చివరిగా నోరు. కెనడాలో ఏళ్ళ తరబడి ఫ్రెంచిలోనే పాఠాలు విన్న ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలు అన్నీ అర్థం చేసుకుంటున్నా, మాట్లాడితే వ్యాకరణం తడబడుతున్నదని మెరిల్ స్వెయిన్ 1985లో గుర్తించారు. వినడం ఒక్కటే చాలదని అప్పుడు తేలింది. ఆ రోజు జరిగిన ఒక సంగతిని ముందు నాలుగు నిమిషాల్లో, వెంటనే మూడు నిమిషాల్లో, ఆపైన రెండు నిమిషాల్లో చెప్పి రికార్డు చేసుకోండి. మూడుసార్లూ ఒకే చోట ఆగిపోయి ఉంటే, రేపు వెతుక్కోవలసిన మాటో, సూత్రమో అక్కడే ఉంది.