కరెంట్ షాక్ కేసు పడితే కాలర్‌ని ముందు ఇది అడగండి

108లో కొత్తగా చేరిన ఈఎంటీ (అంబులెన్స్‌లో వైద్యం చూసే) తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. పొలంలో మోటర్ దగ్గర షాక్ కొట్టిందని కేసు పడితే, దారి కనుక్కోడానికి కాలర్‌కి ఎలాగూ ఫోన్ చేస్తాం కదా, అప్పుడే "కరెంట్ తీశారా" అని కాదు, "ఎక్కడ తీశారు" అని అడగండి. చాలామంది స్టార్టర్ ఆఫ్ చేసేసి తీశామండీ అంటారు, కానీ స్టార్టర్ దాకా వచ్చే వైర్లో కరెంట్ అలాగే ఉంటది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ (లైన్‌ని విడగొట్టే పెద్ద స్విచ్) దింపాలి, అందులోనూ ఒక్కోసారి ఒక బ్లేడు విడిపోకుండా అతుక్కుపోయి కరెంట్ వస్తూనే ఉంటది, అందుకే లైన్‌మన్ ఓకే అన్నాకే పేషెంట్‌ని ముట్టుకోండి. ఆయన దొరక్కపోతే కరెంటోళ్ల నంబర్ 1912కి ఫోన్ కొట్టించండి.

తెగిన తీగ తడి మడిలో పడుంటే దాన్ని తాకకపోయినా నేల నుంచే లాగుద్ది, దూరంగా ఆగిపోండి. కర్రతో నెట్టేస్తానని ఎగబడే పెద్దమనిషి ప్రతి ఊర్లో ఒకాయన ఉంటాడు, ఆయన్ని ఆపే పని బండి నడిపే పైలట్ అన్నకి అప్పజెప్పండి. రాత్రిపూట అడవి పందుల కోసం తీగలకి కరెంట్ పెట్టేవాళ్లు ఉన్నారు, దగ్గరని చేలో అడ్డంపడి పోవద్దు.

సప్లై పోయిందని తేలాక మాత్రం ఊపిరి లేకపోతే అక్కడికక్కడే సీపీఆర్ మొదలెట్టి ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే మెషిన్) తెప్పించండి, బండెక్కించాక చూద్దాంలే అనుకోవద్దు.