గోల్ఫ్‌లో 4 ఐరన్‌తో బంతి లేవట్లేదా? హైబ్రిడ్ ఎంచుకునే పద్ధతి

బ్యాగులో 4 ఐరన్ ఇంకా కొత్తదానిలా మెరుస్తోందంటే అది బయటికి రావట్లేదని అర్థం. వచ్చినా బంతి మోకాలెత్తున పోయి నేల మీద దొర్లుతుంది. తప్పంతా స్వింగుదే కాదు. ఆ క్లబ్బుకి లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) తక్కువ, హెడ్ చిన్నది, సోల్ (హెడ్ అడుగు) సన్నం, బరువంతా ఫేస్‌ని, అంటే బంతికి తగిలే ముఖాన్ని, అంటుకునే ఉంటుంది. స్వింగులో వేగం చాలకపోతే బంతి లేవదు, నడిమధ్య తగలకపోతే ఫేస్ మెలి తిరుగుతుంది. హైబ్రిడ్ అంటే ఐరన్‌కీ, పెద్ద హెడ్ ఉండే ఉడ్‌కీ మధ్యరకం క్లబ్బు. అందులో హెడ్ వెనక్కి సాగి, బరువు కిందికీ వెనక్కీ జరుగుతుంది. అందుకే అర అంగుళం పక్కన తగిలినా బంతి లేస్తుంది, దూరం మరీ పడిపోదు.

కొనేముందు ఏ ఐరన్ తీసేయాలో తేల్చుకోండి. 7, 6, 5, 4 ఐరన్లతో ఒక్కోదానితో పది బంతులు కొట్టి క్యారీ, అంటే బంతి గాల్లో పోయిన దూరం, గజాల్లో రాసుకోండి. బాగా తగిలినవే కాదు, పదీ రాయాలి. 7కీ 6కీ మధ్య 10, 12 గజాలు తేడా ఉండి, 6కీ 5కీ మధ్య నాలుగైదు గజాలే వచ్చిందంటే 5 ఐరన్ మీకు పనికిరావట్లేదు. దాన్నీ, అంతకన్నా పొడుగువాటినీ (అంకె చిన్నవాటినీ) మార్చాల్సిందే. చాలామంది 4 ఒక్కటి మార్చి ఊరుకుంటారు, జబ్బేమో 5 దగ్గరే మొదలై ఉంటుంది.

ఇక సోల్ మీది అంకెని నమ్మకండి. ఒక కంపెనీ 4 హైబ్రిడ్ 21 డిగ్రీలైతే ఇంకో కంపెనీది 23. ఐరన్లదీ అదే తంతు: పాత సెట్లలో 5 ఐరన్ 27 డిగ్రీలుండేది, ఈమధ్య గేమ్ ఇంప్రూవ్‌మెంట్ (బంతి సరిగ్గా తగలకపోయినా సాయం చేసే) సెట్లలో 22, 23కి దిగింది. మీ సెట్ లాఫ్టులు కంపెనీ సైటులో చూసి కాగితం మీద రాసుకోండి. హైబ్రిడ్ షాఫ్ట్ (కర్ర) ఐరన్‌కన్నా ఒకటి, ఒకటిన్నర అంగుళం పొడుగు. అదే లాఫ్ట్ ఉన్నా 5 నుంచి 10 గజాలు ఎక్కువ పోతుంది. కాబట్టి తీసేస్తున్న ఐరన్‌కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ లాఫ్ట్ చూడాలి. 6 ఐరన్ 25, 5 ఐరన్ 22 ఉన్న సెట్లో 5 తీసేస్తే 24 లేదా 25 డిగ్రీల హైబ్రిడ్ సరిపోతుంది. 25 అంటే 6 ఐరన్ లాఫ్టే కదా అనిపిస్తుంది, కానీ షాఫ్ట్ పొడుగు వల్ల దూరం వేరే వస్తుంది. అక్కడ 22 పెడితే 6 ఐరన్ తర్వాత పెద్ద ఖాళీ పడుతుంది.

షాఫ్ట్ బరువు దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. హైబ్రిడ్ షాఫ్ట్ మీ ఫెయిర్‌వే ఉడ్‌కీ ఐరన్లకీ మధ్యలో ఉండాలి. ఉడ్‌లో 60 గ్రాములు, ఐరన్లలో 95 గ్రాముల స్టీలు ఉంటే హైబ్రిడ్‌లో 70, 80 గ్రాముల గ్రాఫైట్ చూడండి. మరీ తేలికైతే చేతులు ముందుకు పరిగెత్తి, కుడిచేతి ఆటగాడి బంతి ఎడమకి హుక్ అవుతుంది. అప్పుడు పాపం హైబ్రిడ్‌నే తిడతారు. బంతి మామూలుగా కుడికి స్లైస్ అయ్యేవాళ్ళకి ఆఫ్‌సెట్ (ఫేస్ షాఫ్ట్ గీతకన్నా కాస్త వెనక్కి ఉండటం) ఎక్కువున్న హెడ్ సాయం చేస్తుంది. ఇప్పటికే ఎడమకి పోయేవాళ్ళు ఆఫ్‌సెట్ జోలికి వెళ్ళకూడదు. లాఫ్ట్ మార్చుకునే హోజల్ (షాఫ్ట్ హెడ్‌లోకి దిగే గొట్టం) ఉన్నవాటిలో ఇంకో మెలిక ఉంది: లాఫ్ట్ పెంచితే ఫేస్ కాస్త మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది.

నెల్లూరు, ఒంగోలు వాళ్ళు చెన్నై వెళ్ళి లాంచ్ మానిటర్ (బంతి వేగం, దూరం కొలిచే మిషను) మీద కొట్టి చూడాలనుకుంటే మీ 6 ఐరన్, తీసేయబోయే ఐరన్ రెండూ వెంట తీసుకెళ్ళండి. పినాకిని రైల్లో రెండు క్లబ్బులు పైన అడ్డంగా పెట్టుకుపోతే బరువేం కాదు. అదే రోజు, అదే మిషను మీద పోల్చకపోతే అంకెలకి అర్థం లేదు. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి వెనక చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్ వైపు ఉండేట్టు బంతిని పెట్టి కొట్టండి. ఎక్కడ తగిలిందో ఫేస్ మీద ముద్ర పడుతుంది. గుడ్డతో తుడిచి మళ్ళీ కొట్టండి. ముద్రలు హీల్‌కీ (షాఫ్ట్ వైపు), టోకీ (హెడ్ చివరి వైపు) చెల్లాచెదురుగా పడుతుంటే షాఫ్ట్ పొడుగైందేమో చూసుకోవాలి, అర అంగుళం కిందికి పట్టుకుని మళ్ళీ కొడితే తెలిసిపోతుంది. పది బంతుల్లో గొప్పగా పోయినదాన్ని వదిలేసి, అన్నిటికన్నా చెత్తగా పోయిన మూడూ ఎక్కడ పడ్డాయో చూడండి. ఆ మూడూ తక్కువ నష్టంతో బయటపడిన క్లబ్బే మీది. సేల్స్ కుర్రాడు మాత్రం గొప్ప బంతినే చూపిస్తాడు.

షాఫ్ట్ కోయించాల్సి వస్తే గ్రిప్ వైపు నుంచే కోయించండి. అర అంగుళం కోస్తే స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) సుమారు మూడు పాయింట్లు తగ్గి హెడ్ తేలిపోయినట్టుంటుంది. హెడ్‌కి ఆరు గ్రాముల దాకా లెడ్ టేప్ (సీసపు పట్టీ) వేస్తే మళ్ళీ సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే హెడ్‌ని చెవి దగ్గర ఊపండి, లోపల గలగలమంటే జిగురు ముక్క ఊడింది. ఫేస్ మీద స్టీలు స్కేలు ఆనించి సొట్ట ఉందేమో చూడండి. షాఫ్ట్ హెడ్‌లోకి దిగేచోట నల్లటి ప్లాస్టిక్ రింగు పైకి జరిగి ఉంటే తీసుకోవద్దు.

కొన్నాక ఆడే తీరు మార్చాలి. బంతిని నడిమధ్యకన్నా ఒక బంతి వెడల్పు ముందుకి పెట్టి, ఐరన్ కొట్టినట్టే కాస్త పైనుంచి కిందికి కొట్టాలి. బంతిని లేపుదామని వెనక్కి వాలారో ముందు నేల తగులుతుంది. ఎండకి రాయైన మన నేల మీద సోల్ ఎగిరి బంతి నెత్తిన తగులుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలికి ఎదురు కొట్టేటప్పుడు హైబ్రిడ్ బంతి పైకి లేచి అక్కడే వేలాడుతుంది. బంతిని ఒక అంగుళం వెనక్కి పెట్టి ముప్పావు స్వింగుతో కొడితే కిందుగా పోతుంది.

రోహిణీ కార్తెలో కారు డిక్కీలో వదిలేయకండి. హెడ్‌ని పట్టుకుని ఉన్నది ఎపాక్సీ జిగురు. రోజూ ఆ వేడికి మెత్తబడితే హెడ్ తిరగడం మొదలవుతుంది, ఒక్కోసారి బంతితోపాటే ఊడి వెళ్తుంది. వారానికోసారి హెడ్‌నీ గ్రిప్‌నీ చెరో చేత్తో పట్టి మెలిపెట్టి చూడండి. ఏమాత్రం కదిలినా ఆడటం ఆపి, కొత్త జిగురుతో మళ్ళీ బిగించేదాకా పక్కన పెట్టేయండి.