కారు ముందు లిఫ్టు మరమ్మతు – 3వ పాఠం: పాత ప్రెషర్ స్విచ్ బదులు ఏది సరిపోతుంది?

బటన్ నొక్కితే కారు ముందు భాగాన్ని ఆయిల్ ప్రెషర్‌తో పైకెత్తేదే ఈ లిఫ్టు. పూర్తిగా లేచాక పంపుని ఆపమని చెప్పేది ప్రెషర్ స్విచ్. పోయిన పాఠంలో మీకో పని అప్పజెప్పాను. లిఫ్టు దించి ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా ఎత్తాక ఒకసారి, ప్రెషర్ స్విచ్ ప్లగ్గు ఊడదీసి రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ, అంటే కరెంటు దారి కలిసి ఉందో లేదో, చూడమన్నాను. ఒకసారి బీప్ వచ్చి ఇంకోసారి రాకపోతే స్విచ్ బాగానే ఉంది, తప్పు వైరింగులోనో రిలేలోనో (చిన్న కరెంటుతో పంపు మోటారు పెద్ద కరెంటుని కలిపే, తెంపే పరికరం) వెతకాలి. రెండుసార్లూ ఒకే జవాబు వస్తే మాత్రం తొందరపడకండి. పంపు నిజంగా ప్రెషర్ ఇస్తోందని ముందు తేల్చుకోండి. ఇస్తోందంటే స్విచ్ పోయినట్టే. ప్లగ్గు విప్పగానే పిన్నుల చుట్టూ ఆయిల్ తడి కనబడిందా, ఇక మీటరుతో పని లేదు. లోపలి డయాఫ్రమ్ (ఆయిల్‌ని ఆపే పలుచని పొర) చిరిగి ఆయిల్ పైకి ఎక్కేసింది. వైరు తొడుగు లోపలికి కూడా ఆ ఆయిల్ పాకి ఉంటుంది కాబట్టి ప్లగ్గు కూడా కడిగి ఆరబెట్టాలి.

స్విచ్ పోయిందని తేలింది. దాని బదులు ఏది పెట్టాలి? చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. ముందు బంపర్ నేలకి ఆనుకున్నట్టుండే స్పోర్ట్స్ కార్లలో పంపు, ఆయిల్ డబ్బా, వాల్వు బ్లాకు, స్విచ్ అన్నీ కలిపి ఒకే యూనిట్‌గా విడిభాగాల జాబితాలో కనిపిస్తాయి. స్విచ్‌కి విడిగా నంబరు చాలాసార్లు దొరకదు. బొటనవేలంత స్విచ్ కోసం యూనిట్ మొత్తం మార్చమంటే నాకు ప్రాణం ఒప్పదు. మిగతా పంపు చక్కగా తిరుగుతూనే ఉంటుంది కదా. పైగా ఇలాంటి స్విచ్‌లు సుకో, హైడాక్, హనీవెల్ లాంటి కంపెనీల నుంచి పారిశ్రామిక యంత్రాల కోసం విడిగా, రకరకాల అంకెలతో దొరుకుతూనే ఉన్నాయి. కావలసిందల్లా మన స్విచ్ ఏ పని చేస్తోందో అంకెల్లో రాసుకోవడం. ఆకారం చూసి వెతికితే వందల స్విచ్‌లు కవల పిల్లల్లా కనిపిస్తాయి. పని రాసుకుని వెతికితే రెండు మూడు మిగులుతాయి.

పాత స్విచ్ ఒంటి మీద చెక్కిన నంబరు ఉంటే ముందు అదే రాసుకోండి. అది తరచుగా స్విచ్ తయారుచేసిన కంపెనీ నంబరు, కారు కంపెనీది కాదు. దాన్నే నేరుగా వెతికితే కొన్నిసార్లు పని పది నిమిషాల్లో అయిపోతుంది. నంబరు చెరిగిపోయి ఉంటే ఈ పాఠం మొత్తం మీకోసమే.

అన్నిటికంటే ముందు ప్రెషర్ అంకె

లిఫ్టు బటన్ నొక్కగానే పంపు ఆయిల్‌ని సిలిండర్లలోకి తోస్తుంది. కారు ముందు భాగం లేస్తున్నంతసేపూ ప్రెషర్ దాదాపు ఒకచోటే ఉంటుంది, ఎందుకంటే అది మోస్తున్న బరువు అంతే. పిస్టన్ చివరికంటా వెళ్లి ఆగగానే ఆయిల్‌కి వెళ్లే చోటు ఉండదు, ప్రెషర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ ఎగబాకే దారిలో ఒకచోట స్విచ్ కూర్చుని ఉంటుంది. "వచ్చేశాం, ఇక చాలు" అని పంపుకి చెప్పడమే దాని పని. అదీ పనిచేయకపోతే ఆఖరి కాపలాగా రిలీఫ్ వాల్వు ఇంకా పై ప్రెషర్ దగ్గర తెరుచుకుని ఆయిల్‌ని వదిలేస్తుంది.

అంటే మీకు కావలసిన అంకె లేపే ప్రెషర్‌కీ రిలీఫ్ ప్రెషర్‌కీ నడుమ ఎక్కడో ఉంది, దాన్ని మీ కారే చెబుతుంది. స్విచ్ ఉన్నచోట ఒక టీ ఫిట్టింగ్ (మూడు దారుల జాయింటు) పెట్టి, ఒక కొమ్మకి పాత స్విచ్, ఇంకో కొమ్మకి 0–160 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) గేజీ బిగించండి. పాత స్విచ్ ఎప్పుడూ తెరుచుకునే ఉండిపోయి, అంటే కరెంటు దారి తెగే ఉండిపోయి, పంపు తిరగకపోతే, ప్లగ్గులో రెండు వైర్లనీ తాత్కాలికంగా కలిపి, ఒక్కో సెకను చొప్పున పంపు తిప్పుతూ ముల్లు చూడండి. వైర్లు కలిపి ఉన్నంతసేపూ పంపుని ఆపేవాళ్లు లేరు. బటన్ దగ్గర ఉన్న మనిషి మీ మాట కోసం చెవులు రిక్కించి ఉండాలి.

ముల్లు ఎలా కదులుతుందో చెబుతాను. ముందు సున్నా మీద వణుకుతుంది. 38 బార్ దగ్గర కారు ముక్కు కదులుతుంది, మెల్లగా 44 దాకా వస్తుంది. అక్కడ కొద్ది క్షణాలు నిలకడగా నడుస్తుంది. పిస్టన్ చివరికి తగలగానే కంటి రెప్ప వేసేలోపు 90కి చేరి, రిలీఫ్ వాల్వు సన్నగా ఈల వేసినట్టు చప్పుడు చేస్తుంది. ఇవి ఉదాహరణ అంకెలు, మీ కారులో వేరుగా ఉంటాయి. కానీ ఆ నిలకడ, ఆ గెంతు మాత్రం తప్పకుండా కనిపిస్తాయి. ఆ రెండిటినీ కాగితం మీద రాసుకోండి.

గేజీ చెప్పిన అంకెని లెక్కతో సరిచూసుకోవడం నాకు అలవాటు. ఒక్కో స్ప్రింగ్ మీద 4200 న్యూటన్ల భారం ఉందనుకుందాం. సిలిండర్ లోపలి వ్యాసం 35 మి.మీ. అయితే వైశాల్యం 962 చదరపు మి.మీ. భాగిస్తే చదరపు మి.మీ.కి 4.37 న్యూటన్లు. దాన్ని పదితో గుణిస్తే బార్ వస్తుంది, అంటే సుమారు 44 బార్. గేజీ 44 అని, లెక్క 20 అని వస్తే ఎక్కడో పైపు మూసుకుపోయి ఉండొచ్చు, లేదా సిలిండర్ బిగుసుకుని ఉండొచ్చు. అలాంటప్పుడు స్విచ్ మార్చినా ఆ రోగం అలాగే ఉంటుంది.

ఇప్పుడు హద్దులు గీద్దాం. లేపే ప్రెషర్ మీద కనీసం 20 శాతం పైన ఉండాలి. ముందు డిక్కీలో సామాను ఉన్నా, చలికి ఆయిల్ చిక్కబడినా అంకె కాస్త పెరుగుతుంది కాబట్టి ఆ జాగా కావాలి. 44కి 20 శాతం కలిపితే సుమారు 53. రిలీఫ్‌కి కనీసం 15 శాతం కింద ఉండాలి, అంటే 90కి సుమారు 76. కాబట్టి 53 నుంచి 76 లోపల ఏదైనా పనికొస్తుంది. 60 బార్, అటూఇటూ 5 అని రాసి ఉన్న స్విచ్ ఎటు జరిగినా 55–65 మధ్యే ఉంటుంది, హాయిగా పట్టేస్తుంది. పొరపాటున 40 బార్ స్విచ్ పెడితే కారు సగం లేచి ఆగిపోతుంది. 100 బార్‌ది పెడితే స్విచ్ ఎప్పటికీ మాట్లాడదు, పంపు తిరగడానికి పెట్టిన గడువు అయిపోయేదాకా పంపు రిలీఫ్ వాల్వు మీద అరుస్తూ వేడెక్కుతుంది. కొన్ని జాబితాల్లో పీఎస్ఐలో ఉంటుంది. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ, కాబట్టి 60 బార్ అంటే 870.

తిరిగి కలిసే అంకె

ప్రతి స్విచ్‌కీ రెండు అంకెలుంటాయి. 60 దగ్గర తెరుచుకున్న స్విచ్ 59 రాగానే మళ్లీ కలవదు, ఇంకొంత కిందికి రావాలి. ఆ కిందటి అంకెని చాలామంది అడగనే అడగరు. దీని మీద కొంచెం నిలబడతాను, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే స్విచ్ కొత్తదైనా కారు ఇబ్బంది పెడుతూనే ఉంటుంది.

లేచి నిలబడ్డ కారు వాల్వులోంచి సూది మొనంత ఆయిల్ లీకైనా ప్రెషర్ 60 నుంచి 44కి గబుక్కున పడిపోతుంది, ఎందుకంటే ఆయిల్ గాలిలా కుదించుకోదు. 44 దగ్గరికొచ్చాక ప్రెషర్ ఇక తగ్గదు. అక్కడినుంచి కారే మెల్లగా కిందికి దిగుతుంది. ఇప్పుడు ఆలోచించండి: స్విచ్ తిరిగి కలిసే అంకె 40 అయితే? ప్రెషర్ 44 మీదే ఉంటుంది, స్విచ్ నిద్ర లేవదు, కారు మాత్రం దిగిపోతుంది. అంకె 57 అయితే? పంపు చీటికీమాటికీ గుర్రుమని ఒక తడవ తిరిగి ఆగుతూ ఉంటుంది. 50 అయితే కారు దిగడం మొదలయ్యేలోపే పంపు ఒకసారి తిరిగి సరిచేస్తుంది. కొన్ని కార్లలో కంప్యూటర్ ఒక్కసారి "చేరుకున్నాం" అన్న సంకేతం తీసుకుని తరవాత స్విచ్‌ని పట్టించుకోదు, వాటిలో ఈ గొడవ ఉండదు. మీది ఏ రకమో తెలియకపోతే లేపే ప్రెషర్‌కి పైనే తిరిగి కలిసేది తీసుకోండి.

దెబ్బ తట్టుకునే శక్తి కూడా చూడాలి. లేచి ఉన్న కారు గతుకు మీద నుంచి వెళితే స్ప్రింగ్ భారం రెట్టింపై, సిలిండర్‌లో ప్రెషర్ కూడా ఆ క్షణానికి రెట్టింపవుతుంది. స్విచ్ చెక్ వాల్వుకి (ఆయిల్‌ని ఒకవైపే పోనిచ్చే వాల్వు) సిలిండర్ వైపు ఉంటే ఆ దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. పై ఉదాహరణలో 200 బార్‌కి తక్కువ తట్టుకునే స్విచ్ నేనైతే ముట్టుకోను.

తెరిచి ఉండేదా, కలిసి ఉండేదా

ప్రెషర్ లేనప్పుడు బీప్ వస్తే అది ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండేది), రాకపోతే ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది). పాత స్విచ్ పాడైపోయి ఈ పరీక్షకి జవాబివ్వకపోతే వైరింగు చూడండి. పంపు రిలే కాయిల్ కరెంటు ఈ స్విచ్ గుండానే వెళుతుంటే అది ఎన్‌సీ అయి ఉండాలి. తారుమారైతే లక్షణం వెంటనే తెలుస్తుంది. ఎన్‌సీ చోట ఎన్‌ఓ పెడితే పంపు అసలు తిరగదు. ఎన్‌ఓ చోట ఎన్‌సీ పెడితే కారు లేవకముందే లేచినట్టు కంప్యూటర్ నమ్ముతుంది. మూడు వైర్లుండి అందులో ఒకదాని మీద 5 వోల్టులు వస్తుంటే అది బహుశా స్విచ్ కాదు, సెన్సర్. దాని బదులు స్విచ్ పెట్టకూడదు.

ఒకే ఒక పిన్ను ఉన్న స్విచ్‌లు కూడా ఉన్నాయి, వాటికి రెండో దారి లోహపు ఒళ్లే. అలాంటివాటి మరకి టేపు మందంగా చుడితే ఎర్త్ తెగిపోయి కొత్త స్విచ్ చచ్చినట్టు కనిపిస్తుంది. స్విచ్ ఎంత కరెంటు మొయ్యగలదన్న విషయంలో రిలే కాయిల్‌కైతే భయం లేదు, అది ఆంపియర్‌లో పదో వంతుకి అటూఇటూ. పంపు మోటారు కరెంటు మాత్రం ఇంత చిన్న స్విచ్ గుండా ఎప్పుడూ పోనివ్వకండి.

మర

నా చేతుల్లో ఒక అల్యూమినియం వాల్వు బ్లాకు పాడైంది ఇక్కడే. కొత్త స్విచ్ రెండు చుట్లు వేళ్లతోనే సాఫీగా తిరిగింది, మూడో చుట్టు కాస్త గట్టిగా అనిపించింది. స్పానర్ వేశాను. టక్‌మని చిన్న శబ్దం, తర్వాత స్విచ్ ఊరికే తిరిగిపోయింది. బయటికి తీస్తే దాని మర సందుల్లో అల్యూమినియం తీగలు మెరుస్తున్నాయి. బ్లాకు మర కొలత ఎం10×1, నా చేతిలోది జీ 1/8. ఆ సాయంత్రం ఇప్పటికీ నాకు గుర్తే.

ఎం10×1, జీ 1/8, 1/8 ఎన్‌పీటీ, ఈ మూడు మరలూ ఒకదాన్ని చూసి ఒకటి అనుకునేంత దగ్గర. జీ 1/8 బయటి వ్యాసం 9.73 మి.మీ., ఎం10×1 సరిగ్గా 10. 1/8 ఎన్‌పీటీ కొన దగ్గర 10కి దగ్గరగా ఉండి, తల వైపు 10.3 దాకా లావెక్కుతుంది, ఎందుకంటే అది ఏటవాలు మర. కాబట్టి వెర్నియర్‌తో ఒకచోట కొలిచి వదిలెయ్యకండి, కొన దగ్గరా తల దగ్గరా రెండుసార్లు కొలవండి. రెండూ ఒకటే అయితే తిన్నని మర. తర్వాత ఐదు సందుల పొడవు కొలవండి. ఎం10×1కి 5.00 మి.మీ., ఎన్‌పీటీకి 4.70, జీ 1/8కి 4.54 రావాలి. మర గేజీ ఆకులుంటే ఇంకా మేలు, వెలుతురుకి పట్టి చూస్తే సందు లేకుండా కూర్చోవాలి.

తిన్నని మరకి సీలు వాషర్‌తోనో ఓరింగుతోనో వస్తుంది, ఏటవాలు మరకి మరతోనే వస్తుంది. కొత్త స్విచ్ చేతి వేళ్లతో కనీసం నాలుగు చుట్లు హాయిగా తిరగనంతవరకు స్పానర్ పెట్టెలోంచి బయటికి తియ్యకండి.

ఆయిల్, సీలు, ప్లగ్గు

డబ్బాలో ఉన్నది మినరల్ ఆయిల్ లాంటి హైడ్రాలిక్ ఆయిల్ అయితే సీలు ఎన్‌బీఆర్ గానీ ఎఫ్‌కేఎం గానీ కావాలి (ఇవి రబ్బరు రకాలు). బ్రేక్ ఫ్లూయిడ్ రకం అయితే ఈపీడీఎం రబ్బరు. తారుమారైతే రబ్బరు ఉబ్బి స్విచ్ కొన్నాళ్లకే లీకు మొదలుపెడుతుంది. డబ్బా మూత మీద రాసి ఉన్నదే నమ్మండి, రంగు చూసి తీర్మానించకండి. ప్లగ్గు వేరుగా ఉన్నా పరవాలేదు, సరైన జోడు ప్లగ్గు తెచ్చి వైరు క్రింపు చేసుకోవచ్చు. నీళ్లు చిమ్మే చోట ఉంటుంది కాబట్టి ఐపీ67 (నీళ్లు, దుమ్ము లోపలికి రానివ్వని స్థాయి) ఉన్నది చూసుకోండి.

పాత స్విచ్ విప్పేముందు ఒక జాగ్రత్త. కారుని స్టాండ్ల మీద నిలబెట్టి, లిఫ్టుని పూర్తిగా దించి, గేజీ సున్నా చూపించాకే స్పానర్ వెయ్యండి. లిఫ్టు ఎత్తి పట్టుకున్న కారు కిందికి చెయ్యి కూడా పెట్టకండి. ప్రెషర్‌లో ఉన్న ఆయిల్ సన్నని ధారగా చర్మంలోకి దూరితే అది ఆసుపత్రికి వెంటనే పరుగెత్తాల్సిన గాయం, పైకి చిన్న చుక్కలా కనిపించినా సరే. కళ్లద్దాలు తప్పనిసరి.

వచ్చే పాఠానికి

ఒక కారులో గేజీ ఇలా చెప్పింది: లేస్తున్నప్పుడు 31 నుంచి 35 బార్, చివరికి తగిలాక 75 దగ్గర రిలీఫ్. పంపు రిలే ఈ స్విచ్ గుండానే నడుస్తుంది, పైన ఎత్తి పట్టుకునే పని కూడా దీనిదే. మీ ముందు మూడు ఎన్‌సీ స్విచ్‌లున్నాయి. మొదటిది 50 దగ్గర తెరుచుకుని 40 దగ్గర కలుస్తుంది, రెండోది 60–57, మూడోది 55–30. మూడిటికీ మర సరిపోతుంది. ఏది తీసుకుంటారో, మిగతా రెండూ పెడితే కారు ఎలా ప్రవర్తిస్తుందో ఒక్కో వాక్యం రాసి ఉంచండి. వచ్చే పాఠంలో జవాబు చూసి, కొత్త స్విచ్‌ని కారులో పెట్టకముందే బల్ల మీద చేతి పంపుతో ఎలా పరీక్షించాలో చేద్దాం.